పడవ, వల, అల: క్రైస్తవ కుటుంబంలో చిన్నపిల్లల ఇంటిచదువుకు మెట్టు మెట్టుగా మార్గదర్శి

మా ఇల్లు కాజీపేటలో, రైలు పట్టాలకు రెండు వీధుల అవతల ఉంది. పెద్దబాబుకు ఇప్పుడు ఎనిమిదేళ్లు, చిన్నపాపకు ఐదు. నాలుగేళ్లుగా వాళ్లకు ఇంట్లోనే చదువు చెబుతున్నాను. సంఘంలో ఏ తల్లి కలిసినా మూడే ప్రశ్నలు అడుగుతుంది: చట్టం ఒప్పుకుంటుందా, ఎక్కడ మొదలుపెట్టాలి, రేపు బడిలో వేస్తామంటే చేర్చుకుంటారా? ఆదివారం ఆరాధన ముగిశాక చెప్పులు వేసుకునే లోపల చెప్పగలిగిన జవాబులు కావివి. అందుకే వరుసగా రాస్తున్నాను. ఇది మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం మాత్రమే. పై తరగతులు నేను ఇంట్లో చెప్పలేదు, కాబట్టి వాటి జోలికి వెళ్లను.

మొదట నేను చేసిన తప్పు చెప్పాలి. ముందుగదిలో నల్లబల్ల పెట్టాను, గంట కొన్నాను, తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా పీరియడ్లు వేశాను. బడిని తెచ్చి ఇంట్లో పెట్టానన్నమాట. మూడో వారానికే బాబు పలక చూస్తే ఏడ్చేవాడు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మాట వినకపోతే బైబిలు వాక్యం పదిసార్లు వల్లించమనేదాన్ని. ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో వాళ్ల నాన్న అదే వాక్యం చదవబోతే వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే నల్లబల్ల తీసేశాం. వాక్యాన్ని శిక్షగా వాడకండి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

ఆ తర్వాతే నాకు తెలిసింది, మన ఇళ్లలో చదువుకు ఒక చోటు అప్పటికే సిద్ధంగా ఉందని. రాత్రి భోజనాలయ్యాక చాప పరుచుకుంటాం. పాడతాం, పుస్తకం తెరిచి ఒకరి తర్వాత ఒకరు చదువుతాం, చదివినదాని గురించి మాట్లాడుకుంటాం. ఆ చాప మీద పిల్ల తన వంతు వచ్చినప్పుడు తానే చదవగలగాలి, చదివినది తన మాటల్లో చెప్పగలగాలి. ఎనిమిదేళ్లలోపు చదువుకు నేను పెట్టుకున్న గమ్యం ఇదే. బైబిలులోని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమంటుంది. అక్కడ నల్లబల్ల లేదు.

మొదటి మెట్టు: చట్టం తెలుసుకోండి, కాగితాలు సర్దుకోండి

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఇంట్లో చదువు చెప్పుకోవడానికి ఆ చట్టంతో చిక్కు లేదు. ఆరు దాటాక సంగతి వేరు. పిల్లలను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టంలోని పదో సెక్షన్ చెబుతుంది. చేర్చని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం ఆ చట్టంలో పెట్టలేదు. ఇంటిచదువును పేరుపెట్టి గుర్తించనూ లేదు, నిషేధించనూ లేదు. ఈ సంగతి భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేటగా మాట్లాడుకున్నాకే ఆరేళ్ల తర్వాత కొనసాగించాలా వద్దా అని తేల్చుకోండి.

కొందరు ఒక దారి చూపిస్తారు: పేరు ఏదో ఒక బడిలో రాయించి, హాజరు వేయించుకుంటూ, చదువు ఇంట్లో చెప్పుకోవడం. నేను దానికి ఒప్పుకోలేదు. అబద్ధం చెప్పకూడదని పొద్దున నేర్పి, సాయంత్రం అబద్ధపు హాజరు వేయిస్తే పిల్ల ఏది నేర్చుకుంటుంది?

నిజాయితీ గల దారులు రెండున్నాయి. ఒకటి, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. ఇందులో పిల్లల ప్రాథమిక విద్యకు ఏ, బీ, సీ అనే మూడు స్థాయిలున్నాయి. ఏ మూడో తరగతికి, బీ ఐదో తరగతికి, సీ ఎనిమిదో తరగతికి సమానం. పద్నాలుగేళ్లు నిండాక పదో తరగతి అక్కడైనా, తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠంలోనైనా రాయవచ్చు. రెండోది, కొన్నేళ్లు ఇంట్లో చదివించి బడిలో చేర్చడం. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఎన్నడూ బడికి వెళ్లని పిల్లలను కూడా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన చోట ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ లేదని వెనక్కి పంపడానికి వీల్లేదు.

మేం రెండోదే ఎంచుకున్నాం. కారణం చెబుతాను. నవోదయలో ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గుర్తింపు ఉన్న బడిలో చదివి ఉండాలి. మన రాష్ట్ర గురుకులాల ఐదో తరగతి పరీక్షకు నాలుగో తరగతి బడిలో చదువుతూ ఉండాలి. మనవంటి కుటుంబాల పిల్లలు ఎందరికో ఈ రెండు చోట్లా మంచి చదువు దొరికింది. ఆ తలుపు పిల్లలకు తెలియకుండా మనం మూసేయకూడదు. అందుకే మూడో తరగతి వయసు వచ్చేసరికి నిర్ణయం తీసుకోవాలని ముందే తేదీ రాసిపెట్టుకున్నాం.

ఇక కాగితాలు. జనన ధ్రువపత్రం అన్నిటికన్నా ముఖ్యం. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి అదే ఆధారం. బాప్తిస్మపు పత్రం దాని బదులు పనికిరాదు. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంటుంది: సంఘంలో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. బడిలో చేర్చే రోజు వచ్చాక పరుగులు పెట్టకుండా, పిల్లకు మూడేళ్లున్నప్పుడే అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే అక్షరాలు ఉండేలా సరిచేయించండి. నివాసపు రుజువులు కూడా ఏటేటా దాచిపెట్టండి. తెలంగాణలో ప్రభుత్వోద్యోగాలకు స్థానికత తేల్చేటప్పుడు ఒకటి నుంచి ఏడు తరగతుల్లో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. బడిలో లేని ఏళ్లకు నివాసమే ఆధారమవుతుంది. ఇది చాలామందికి తట్టదు.

రెండో మెట్టు: ఐదేళ్ల దాకా అక్షరం వద్దు, మాట కావాలి

మూడు నుంచి ఐదేళ్ల పిల్లకు కావలసింది బోలెడు తెలుగు మాట. పాట, కథ, పొడుపుకథ, ఇంటిపని. మా అత్తమ్మకు చదువు రాదు, కానీ కీర్తనలు చరణాలతో సహా నోటికి వచ్చు. మొదట ఆమె ఈ ఇంటిచదువును గట్టిగానే వ్యతిరేకించింది. "పిల్లలు పదిమందిలో పడకపోతే బెదురుతారు బిడ్డా" అని నాతో చాలాసార్లు అంది. ఆ భయం న్యాయమైనదే, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ పాపకు మాట నేర్పినది ఆమే. బియ్యం ఏరుతూ దావీదు గొర్రెల కథ చెప్పేది, మధ్యలో ఆపి "తర్వాతేమైంది?" అని అడిగేది. పాప అందుకునేది. విన్న కథను తిరిగి చెప్పగలగడమే చదివినది అర్థం చేసుకోవడానికి తొలి అడుగు. చదువు అలా అక్షరం కన్నా ముందే మొదలవుతుంది.

ఈ వయసులో చేతికి పని ఇవ్వండి. చిక్కుడుకాయలు వలవడం, బట్టలు మడతపెట్టడం, రకరకాల గింజలు రంగుల వారీగా వేరుచేయడం, ముగ్గు పిండితో గీతలు గీయడం. వేళ్లకు బలం వచ్చాకే పలకబలపం. మొదటిసారి పలక పట్టే రోజున చాలా కుటుంబాల్లో పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయిస్తారు. మేమూ చేయించాం. ఆ రోజు బాబు ఒక్క అక్షరమూ రాయలేదు, ఒక చేప బొమ్మ గీశాడు. అదే చాలు అన్నారు పాస్టరుగారు.

మూడో మెట్టు: తెలుగు చదవడం

ఇక్కడ ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దీనిమీదే నిలబడుతుంది.

అ ఆ ఇ ఈ అని వరుసగా యాభై ఆరు అక్షరాలు కంఠస్థం చేయించి, ఆ తర్వాత గుణింతాలు, ఆ తర్వాత పదాలు అనే పద్ధతిలో పిల్ల మొదటి పదం చదివేసరికి ఏడాది దాటుతుంది. అంత ఓపిక ఐదేళ్ల పిల్లకు ఉండదు. నేను ఐదు అక్షరాలతో మొదలుపెట్టాను: ప, డ, వ, ల, అ. వీటితో పడవ, వల, అల అనే మూడు పదాలు వస్తాయి. గలిలయ సముద్రం కథ ముందురోజు రాత్రి చెప్పి, మర్నాడు ఆ మూడు పదాలు మూడు అట్టముక్కల మీద రాసి కథలో అవి వచ్చిన చోట పెట్టించాను. మొదటి వారంలోనే బాబు మూడు పదాలు చదివాడు. చదవడం అంటే ఏమిటో వాడికి అప్పుడు తెలిసింది. ప, వ ఒకే పోలికలో ఉంటాయి, పిల్ల తికమక పడదా అని మీకు అనిపించవచ్చు. పడుతుంది. కానీ పడవ అనే పదంలో మొదట ఒకటి, చివర ఒకటి కలిసే కనబడతాయి కాబట్టి తేడా తానే పట్టుకుంటుంది. వారాల ఎడంతో విడివిడిగా నేర్పితేనే ఎక్కువ కలగాపులగం అవుతాయి.

తర్వాతి గుంపు: క, త, గ, న, ర, ద, మ. ఇప్పుడు కల, తల, పలక, గడప, కడవ, నడక, వరద, తలగడ అన్నీ వస్తాయి. వీటిలో పలక, గడప, కడవ, తలగడ ఇంట్లో ఉన్నవే. అట్టముక్కలు ఆయా వస్తువుల మీద పెట్టించండి. ఈ గుంపు పూర్తికావడానికి మాకు రెండు నెలలు పట్టింది.

గుణింతాల దగ్గర మన పిల్లలకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. తెలుగు బైబిలులో చాలా పేర్లకు ఒత్తులు లేవు. మోషే, దావీదు, రూతు, యోనా, నోవహు, ఆదాము, యోసేపు, పేతురు, దానియేలు, పౌలు. దీర్ఘం నేర్పిన వారం ఆదాము, కొమ్ముదీర్ఘానికి రూతు, ఏత్వానికి మోషే, ఔత్వానికి పౌలు. ఆ కథలన్నీ పిల్లకు అప్పటికే తెలుసు, కాబట్టి సగం అక్షరాలు కూడబలుక్కుని పేరు పట్టేస్తుంది. ఊహించి చదువుతోందని కంగారుపడకండి. వేలు పెట్టి ప్రతి అక్షరం చూపిస్తూ చదవమనండి, చాలు. యేసు, సిలువ, దేవుడు అనే మాటలకూ ఒత్తు లేదు.

ఒత్తుల్లో ముందు అదే అక్షరానికి అదే ఒత్తు: అమ్మ, అవ్వ, అక్క, అన్న, రొట్టె, హవ్వ. ఆ తర్వాతే వేరే అక్షరపు ఒత్తులు. మన ఇళ్లలో ఎక్కువగా వినబడే మాటలే అన్నిటికన్నా కష్టమైనవి: క్రీస్తు, ప్రార్థన, స్తోత్రం, పరిశుద్ధాత్మ. భక్తితో చాలామంది తల్లులు వీటినే ముందు రాయిస్తారు. పిల్ల బొమ్మ గీసినట్టు గీస్తుందే తప్ప చదవలేదు. వీటిని ఏడో ఏట దాకా నోటిలోనే ఉంచండి.

రాత్రి చాప మీద వంతు ఎప్పుడు మొదలవ్వాలి? అక్షరాలు రాకముందే. 136వ కీర్తనలో ఇరవై ఆరు వచనాలున్నాయి, ప్రతి వచనం ఒకే మాటతో ముగుస్తుంది. పెద్దవాళ్లు మొదటి సగం చదివితే పిల్ల ఆ ముగింపు చెబుతుంది. నాలుగేళ్ల పాప ఇరవై ఆరుసార్లు తన వంతు తీసుకుంటుంది, వేలు కూడా పెడుతుంది. అక్షరాలు వచ్చాక ఆ వాక్యమే ఆమె చదివే మొదటి పూర్తి వాక్యం అవుతుంది. తర్వాత 117వ కీర్తన, రెండే వచనాలు. ఆ తర్వాత సువార్తల్లోని ఉపమానాలు, రోజుకు రెండు వచనాలు.

మన బైబిలు భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు. వచ్చెను, పలికెను, చూచెను అని ఉంటుంది. పాత అచ్చుల్లో గొఱ్ఱె అని బండి ఱ కనబడుతుంది. పిల్ల అడిగినప్పుడు తాతల నాటి రాతలో ఇలా ఉండేదని చెప్పి, అదే వాక్యాన్ని మన మాటలో చెప్పమనండి: "పలికెను అంటే?" "అన్నాడు." ఇలా రెండు తెలుగులు పిల్లకు అలవాటవుతాయి. కానీ బైబిలు ఒక్కటే చదివిస్తే పిల్ల రాతలో కూడా "నేను తింటిని" అని వస్తుంది. మా బాబుకు వచ్చింది. అందుకే పిల్లల కథల పుస్తకాలు, పిల్లల పత్రికలు కూడా తప్పకుండా ఉండాలి. హనుమకొండ గ్రంథాలయం, పాత పుస్తకాల దుకాణాలు మాకు ఆ లోటు తీర్చాయి.

ఇంగ్లీషు సంగతి: ఆరేళ్ల దాకా మాటల్లోనే, పాటల్లోనే. తెలుగు ధారాళంగా చదవగలిగిన ఆరునెలలకు ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టండి. ఒక లిపిలో చదవడం వచ్చిన పిల్లకు రెండో లిపి సగం కాలంలో వస్తుందని నా అనుభవం. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో బోధన ఉండాలని చెప్పింది.

నాలుగో మెట్టు: మూరతో లెక్కలు

అంకెలు వంద దాకా చింతగింజలతో, ఓమనగుంటలతో వచ్చేస్తాయి. పద్నాలుగు గుంటల్లో గింజలు పంచుతూ ఆడితే కూడిక, తీసివేత, భాగాహారపు మొదలు అన్నీ అందులోనే ఉన్నాయి. పావు, అర, ముప్పావు కూరగాయల బండి దగ్గర నేర్పండి. పిల్ల చేతికే డబ్బిచ్చి చిల్లర లెక్కపెట్టించండి.

కొలతల దగ్గర మాత్రం ఆగి చెప్పాలి. మన బైబిలులో చాలా పొడవులు మూరల్లో ఉంటాయి. మన వీధిలో పూలమ్మే అమ్మ కూడా మూరల్లోనే కొలుస్తుంది. ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది? మొదట పూలదండ ఒక మూర కొనిపించండి. ఇంటికి తెచ్చి పిల్ల చేత్తో మోచేతి నుంచి వేలికొసల దాకా కొలిపించండి: మూర కన్నా ఎక్కువే వస్తుంది! అమ్మ మూర, నాన్న మూర, పాప మూర మూడూ వేరని అప్పుడు తెలుస్తుంది. మరి అందరికీ ఒకే కొలత కావాలంటే? అక్కడ స్కేలు, టేపు తీయండి. సెంటీమీటరు ఎందుకు పుట్టిందో పిల్లకు చెప్పక్కర్లేదు, అదే అడుగుతుంది.

తర్వాత దావీదు ఎదిరించిన గొల్యాతు ఎత్తు. ఆరు మూరల ఒక జానెడు. మూర సుమారు 45 సెంటీమీటర్లు, జానెడు అందులో సగం. లెక్కవేస్తే దాదాపు 293 సెంటీమీటర్లు. మా ఇంటి గోడమీద సుద్దతో గీస్తే స్లాబు దగ్గరికి వెళ్లింది. దాని పక్కన బాబును నిలబెట్టి వాడి ఎత్తు గీశాం. దావీదు కథ వాడికి ఆ సాయంత్రం మళ్లీ కొత్తగా తెలిసింది.

నోవహు ఓడ 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. పొడవు సుమారు 135 మీటర్లు. అది ఎంతో పిల్లకు ఎలా చూపించాలి? కాజీపేట స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద నిలబడి చూపించాం. ఒక బోగీ సుమారు 23 మీటర్లు. ఆరు బోగీలు వరుసగా నడిచి చూస్తే ఓడ పొడవు. ఒక బోగీని అడ్డంగా తిప్పితే ఓడ వెడల్పు. బాబు ఆ ఆరు బోగీలూ నాలుగుసార్లు నడిచాడు. రైలు ఆగి ఉన్నప్పుడు, ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని, పిల్ల చేయి పట్టుకునే ఈ పాఠం చెప్పండి.

ఏడెనిమిదేళ్లకు గుణకారం, భాగాహారం వస్తాయి. ఐదు వేలమందిని యాభై మంది చొప్పున కూర్చోబెడితే ఎన్ని పంక్తులు? నెలకు ఇచ్చే చేతి ఖర్చులో దశమభాగం ఎంత? పది రూపాయల్లో ఒకటి, యాభైలో ఐదు. కానుక పిల్ల తానే లెక్కవేసి తానే సంచిలో వేయాలి.

ఐదో మెట్టు: విత్తనం, కంకి, కోట

విజ్ఞానశాస్త్రం పుస్తకంతో మొదలుపెట్టకండి. విత్తువాని ఉపమానాన్ని నాలుగు డబ్బాల్లో చేయండి. ఒకదానిలో గట్టిగా తొక్కిన మట్టి, ఒకదానిలో రాళ్లమీద పలుచటి మట్టి, ఒకదానిలో కలుపు, ఒకదానిలో మంచి నేల. నాలుగింటిలోనూ పెసలు వేయండి, ఒకే కొలతలో నీళ్లు పోయండి. రెండు మూడు రోజుల్లో మొలకలు వస్తాయి. రాళ్లమీదివి తొందరగా మొలిచి తొందరగా వాడిపోతాయి. రోజూ ఒక బొమ్మ, ఒక వాక్యం నోటుపుస్తకంలో.

మా అమ్మవాళ్ల ఊరు నర్సంపేట దగ్గర. వరి, పత్తి, మిరప అన్నీ కళ్లముందే ఉంటాయి. సంఘంలో కోత పండుగకు వరికంకులు తెచ్చినప్పుడు ఒక కంకి అడిగి తీసుకుని గింజలు లెక్కపెట్టాం. నూట ముప్పై పైన వచ్చాయి. ఒక గింజ నుంచి ఒకటే కంకి రాదని, పిలకలు వేస్తుందని తాతయ్య చెప్పారు. విత్తువాని ఉపమానంలోని నూరంతలు అనే మాట పిల్లలకు మరిక ఊరికే పెద్ద అంకె కాదు.

చూడవలసిన చోట్లు మనకు చుట్టూ ఉన్నాయి. వరంగల్ కోటలోని తోరణాలు, పాకాల చెరువు, హంటర్ రోడ్డులోని జంతుప్రదర్శనశాల. రామప్ప గుడికి పిల్లలను తీసుకువెళ్లవచ్చా అని కొందరు తల్లులు నన్ను అడిగారు. నేను తీసుకువెళ్లాను. 1213 నాటి కట్టడం, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నీటిమీద తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టారు, పునాదిలో ఇసుక నింపారు. మన నేలమీద మన పూర్వికుల చేతిపని అది. మన విశ్వాసానికి దానివల్ల లోటు రాదని నా నమ్మకం. ఒప్పుకోని కుటుంబాలను నేను తప్పుపట్టను.

డోర్నకల్ మాత్రం తప్పక చూపించండి. కాజీపేట నుంచి రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. 1912లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు చర్చి శాఖకు, తొలి భారతీయ బిషప్పు. ఆయన కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథీడ్రల్‌లో గుమ్మటాలూ ఉన్నాయి, మన మండపాల స్తంభాలూ ఉన్నాయి. పరాయిదేశపు గుడిలా కాక, మన నేలలోంచి లేచినట్టు ఉంటుంది. "ఇది చర్చేనా, అమ్మా?" అని బాబు అడిగాడు. ఆ ప్రశ్నతోనే ఒక వారం పాఠం నడిచింది.

ఆరో మెట్టు: రోజు ఎలా నడవాలి

తక్కువ సేపు, రోజూ, ఒకే వేళకు. ఐదారేళ్ల పిల్లకు కూర్చోబెట్టి చెప్పేది గంట చాలు, ఏడెనిమిదేళ్లకు రెండు గంటలు. ఒక్కో పాఠం పదిహేను ఇరవై నిమిషాలు మించనివ్వకండి. మా ఇంట్లో ఉదయం పాట, చిన్న ప్రార్థన, ఆ వెంటనే తెలుగు, తర్వాత లెక్కలు. మిగతా పొద్దు పని, ఆట, కథ, బయటి తిరుగుడు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు ముందే, ఆరున్నరకు కూర్చుంటాం. పది దాటితే ఆ వేడిలో పెద్దలకే బుర్ర పనిచేయదు.

పుస్తకాలకు ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉండే లెక్కల పుస్తకం ఇంటిచదువుకు చాలా అనువు. రేపు బడిలో చేరితే అవే పుస్తకాలు ఉంటాయి కాబట్టి పిల్లకు కొత్తదనం ఉండదు.

తండ్రి వంతు కూడా ఉండాలి. మావారు రాత్రి చదివింపు, ఆదివారం సాయంత్రపు నడక తన పనిగా పెట్టుకున్నారు. అంతా తల్లి నెత్తిన పడితే ఆరునెలల్లో ఆమె విసిగిపోతుంది. ఆ విసుగు పిల్లల మీదికే వస్తుంది.

ఏడో మెట్టు: పదిమందిలో పెంచండి

అత్తమ్మ భయం సంగతి. సండే స్కూలు, మే నెలలో వేసవి బైబిలు బడి, క్రిస్మస్ కేరల్స్ అన్నీ మంచివే. కానీ అక్కడ ఉండేవాళ్లంతా మనవాళ్లే. పిల్లలు ఎదురింటి పిల్లలతో, వేరే మతాల పిల్లలతో రోజూ ఆడాలి. మా వీధిలో సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా తలుపు తీసే ఉంటుంది. ప్రపంచం నుంచి దాచడానికి ఇంటిచదువు పెట్టుకుంటే అది పిల్లకు గోడ అవుతుంది. పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాట పొరుగువాడు ఎవరో తెలియని పిల్లకు ఎలా అర్థమవుతుంది?

బతుకమ్మ రోజుల్లో ప్రతి ఏడూ ప్రశ్న వస్తుంది. ఆడాలా వద్దా అన్నది మీ కుటుంబపు మనస్సాక్షి. మేం ఆడము. కానీ తంగేడు, గునుగు, కట్లపూలు ఎక్కడ పూస్తాయో పిల్లలు వెళ్లి చూస్తారు, పక్కింటి అక్కకు పూలు కోసి తెచ్చి ఇస్తారు, ఆమె పంపిన సద్దులు తింటారు. ఇతరుల ఆరాధనను చిన్నచూపు చూసే ఒక్క మాట కూడా మా పిల్లల నోట రాకూడదని మేం గట్టిగా పట్టుకున్నాం.

ఎనిమిదో మెట్టు: రాసిపెట్టుకోండి, ఏడాదికోసారి కొలిచి చూడండి

ఒక పొడవాటి నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఏం చదివాం, ఏది రాలేదు. రోజుకు రెండు వరుసలు చాలు. నెలకొక రాత కాగితం, ఒక బొమ్మ, ఒక లెక్కల కాగితం అట్టలో దాచండి. బడిలో చేర్చే రోజు ప్రధానోపాధ్యాయులకు చూపించడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

కొలవడానికి ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే చిన్న తరగతుల చదువు, లెక్కల కార్యక్రమపు లక్ష్యాలు బాగా పనికొస్తాయి. ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగైదు మాటల చిన్న వాక్యాలు చదవడం, 99 దాకా అంకెలు. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, 999 దాకా అంకెలు. మూడో తరగతికి 60 మాటలు, 9999. ఈ మాటల లెక్క దగ్గర నాది ఒక సలహా. తెలుగులో "చదవాల్సివచ్చిందనుకున్నారు" కూడా ఒక్క మాటే. అందుకని వేగం కోసం పిల్లను తరమకండి. ఎప్పుడూ చూడని పేజీ ఇచ్చి చదివించండి, చదివినది అత్తమ్మకో తాతయ్యకో చెప్పమనండి. వాళ్లకు అర్థమైతే పిల్లకూ అర్థమైనట్టే.

ఏడున్నరేళ్లు వచ్చినా ఒత్తులు లేని పదాలు కూడా తడబడుతుంటే కోప్పడకండి, మరింత ప్రార్థన చేయించి ఊరుకోనూ వద్దు. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. మాకు తెలిసిన ఒక తల్లి ఏడాదిపాటు బద్ధకం అనుకున్నది, అద్దాలు పెట్టిన వారానికే తీరిపోయింది.

బడిలో చేర్చే ఏడు

మేం వచ్చే జూన్‌లో బాబును మూడో తరగతిలో చేరుస్తున్నాం. మార్చిలోనే దగ్గరి బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయులను కలిశాం, నోటుపుస్తకం చూపించాం, దాచకుండా అంతా చెప్పాం. ఏప్రిల్ నుంచి మెల్లగా కొన్ని అలవాట్లు చేయిస్తున్నాం. నలభై నిమిషాలు ఒకేచోట కూర్చోవడం, నల్లబల్ల మీదినుంచి చూసి రాసుకోవడం, తన టిఫిన్ డబ్బా తానే తెరుచుకుని తిని మూతపెట్టుకోవడం, బాత్రూముకు అడిగి వెళ్లడం, తన పేరు హాజరులో పిలిచినట్టు ఇంటిపేరుతో సహా పలకడం. వీటిని మనం పాఠాలు అనుకోము, కానీ బడి మొదటి వారంలో పిల్ల ఏడ్చేది వీటి దగ్గరే.

పాప ఇంకా మూడేళ్లు ఇంట్లోనే. నిన్న రాత్రి చాప మీద తన వంతు వచ్చినప్పుడు వేలు పెట్టి, పడవ దగ్గర ఆగింది. తర్వాతి మాటలో ఒత్తు ఉంది, రాలేదు. అన్న అందించాడు.